టెక్సాస్ మంచు తుఫాను: ఇంకో 4 నిమిషాల 37 సెకన్లు గడిచుంటే?

2021 ఫిబ్రవరి 15, సోమవారం సాయంత్రం. నేను హైదరాబాద్‌లో ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకుంటున్నా. డాలస్ నుంచి మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. "రాత్రి నుంచి కరెంట్ లేదురా తమ్ముడూ. హీటర్ ఆగిపోయింది, పిల్లాడికి మూడు స్వెట్టర్లు వేశా. చార్జింగ్ అయిపోతోంది, పెట్టేస్తున్నా" అంది. అమెరికాలో కరెంట్ పోవడమేంటక్కా అని నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ రాత్రి ఏం జరిగిందో చూద్దాం. అమెరికాలో కరెంట్ ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్, మన దగ్గర 50. ఎద్దులు లాగలేనంత బరువు బండి మీద వేస్తే వాటి నడక మందగిస్తుంది కదా? వాడకం పెరిగి ఉత్పత్తి తగ్గితే ఫ్రీక్వెన్సీ కూడా అలాగే పడిపోతుంది. టెక్సాస్‌లో అది 59.4 కంటే కింద 9 నిమిషాలు ఉంటే, జనరేటర్లు తమని తాము కాపాడుకోడానికి ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోతాయి. ఆ తెల్లవారుజామున 4 నిమిషాల 23 సెకన్లు ఉంది. ఆపరేటర్లు లక్షల ఇళ్లకి కరెంట్ తీసేసి గ్రిడ్‌ని నిలబెట్టారు. లేకపోతే మొత్తం కుప్పకూలి, మళ్ళీ లేపడానికి వారాలు పట్టేది.

కారణం? గాలిమరలు గడ్డకట్టాయి, ఒక అణు యూనిట్ కూడా ఆగింది. కానీ ఎక్కువ దెబ్బ గ్యాస్ దగ్గరే: బావులు, పైపులు, ప్లాంట్లు గడ్డకట్టాయి. పైగా కరెంట్ కోతల్లో కొన్ని గ్యాస్ కేంద్రాలకీ సరఫరా పోయింది. కరెంట్ లేక గ్యాస్ రాదు, గ్యాస్ లేక కరెంట్ రాదు. సాఫ్ట్‌వేర్‌లో దీన్నే సర్క్యులర్ డిపెండెన్సీ అంటాం.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. 1935లో కేంద్ర చట్టం వచ్చాక, ఆ నియంత్రణ వద్దని టెక్సాస్ కంపెనీలు రాష్ట్రం దాటి కరెంట్ అమ్మలేదు. అందుకే అక్కడ గ్రిడ్ వేరు. బయటి నుంచి తెచ్చుకోగలిగేది చాలా తక్కువ.

అయితే వేరుగా ఉండటమే తప్పా? తొందరపడకండి. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చీకటైపోయింది, రెండో రోజు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూడా పడిపోయాయి. మన దక్షిణ గ్రిడ్ మాత్రం నిలబడింది. ఎందుకంటే అప్పటికి మనం వాటితో డీసీ లైన్ల ద్వారానే కలిసున్నాం. రాయచూర్-షోలాపూర్ లైన్‌తో పూర్తిగా కలిసింది 2013 డిసెంబర్ 31న. పైగా 2021లో టెక్సాస్ పక్క రాష్ట్రాల్లోనూ కొరతే.

అసలు తప్పు వేరే ఉంది. 2011 ఫిబ్రవరిలోనూ ఇలాంటి చలికే టెక్సాస్‌లో కోతలు పడ్డాయి. ప్లాంట్లని చలికి సిద్ధం చేయండని కేంద్ర నివేదిక చెప్పింది. ఎవరూ గట్టిగా తప్పనిసరి చేయలేదు. వేరే గ్రిడ్‌లో ఉన్న ఎల్ పాసో మాత్రం 2011 తర్వాత సిద్ధమైంది, 2021లో పెద్దగా చీకటి చూడలేదు.

టెక్సాస్ ప్రభుత్వ లెక్కలో మృతులు 246 మంది. ఎక్కువమంది చలికే పోయారు. ఆ తర్వాతే చట్టం వచ్చింది.

మా అక్క ఇంటికి బుధవారం రాత్రి కరెంట్ వచ్చింది. పదేళ్ల ముందే వచ్చిన బగ్ రిపోర్ట్‌ని పక్కన పెడితే ఏమవుతుందో నాకు ఆ మూడు రోజులే నేర్పాయి. ఇకపై ఎవరైనా "కరెంట్ పోయింది" అంటే నవ్వకండి, ముందు ఎలా ఉన్నారో అడగండి.