రోమను గృహద్వారమున ప్రాతఃకాల వందనము

ప్రాచీన రోము నగరమున సూర్యుడింకను ఉదయింపకమునుపే, మంచుతో తడిసిన రాతిబాటలపై, తెల్లని ఉన్ని టోగాల మడతలు సవరించుకొనుచు వడివడిగా నడచివచ్చిన జనులు ధనికుల వాకిళ్లయెదుట గుమిగూడి, తలుపెప్పుడు తీయుదురా యని కనిపెట్టుకొని నిలిచియుండెడివారు. వారు యాచకులు కారు, రోమను పౌరులు. టోగా లేక ఆ వాకిట నిలుచుట మర్యాద కాదు, ఆ టోగాయో పౌరుడు తప్ప మరియొకడు ధరింపరాని వస్త్రము. పగటి మొదటి రెండు హోరలును ఈ కార్యమునకే చెల్లిపోవుచుండెనని మార్షియల్ కవి చెప్పియున్నాడు. దీనికి వారి భాషలో 'సలూతాతియో' యని పేరు, వందనమని యర్థము. తొలుత ఈ వందనము చేయువానికంటె అందుకొనువానినే యెక్కువగా బంధించుచుండెను. ఆ బంధము సడలినకొలదియు ఆచారపు ఆడంబరము పెరుగుచు వచ్చినదని నాకు తోచుచున్నది.

ఆశ్రయదాతకును ఆశ్రితునకును గల సంబంధమును రోములస్ రాజే యేర్పరచెనని ప్రాచీన చరిత్రకారుడు డయొనీసియస్ వ్రాసెను. అది ఐతిహ్యమే కావచ్చును, కాని క్రీ.పూ. 5వ శతాబ్ది మధ్యమున వెలసిన ద్వాదశఫలకముల శాసనమున, తన ఆశ్రితుని వంచించిన ఆశ్రయదాత దేవతల యాగ్రహమునకు గురియగువానిగా ప్రకటింపబడెను. అనగా ఉదయమున తలుపు తట్టినవానికి ధర్మశాస్త్రము బోధించుట, వ్యాజ్యములో వాని పక్షమున నిలుచుట, గృహస్థుని విధియన్నమాట. తెల్లవారుజాముననే తలుపులు తెరచి వచ్చినవారికి న్యాయము విప్పిచెప్పుట పూర్వుల మర్యాదగా నుండెడిదని హోరేస్ కవియు స్మరించెను.

ఇంటిలోపలను పాతకాలపు వందనములుండెడివి. పరిచారకులును, దాస్యవిముక్తులును ఉదయమున యజమానికడకు వచ్చి 'సాల్వే' యనియు, రాత్రి నిద్రకు ముందు 'వాలే' యనియు ఒక్కొక్కరుగా పలుకవలసియుండెను. మొదటిది కుశలముగా నుండుమనుట, రెండవది బలముగా నుండుమనుట. ఇతరులు విడిచిపెట్టిన పిదపకూడ పిమ్మట చక్రవర్తియైన గాల్బా ఈ పాతపద్ధతిని తన యింట నడపెనని జీవితచరిత్రకారుడు స్వేతోనియస్ చెప్పుచున్నాడు. పెండ్లికిని జననమరణములకును ఇంట తగిన ఆచారములుండెడివి. క్రొత్త కోడలు మెట్టినింటి ద్వారబంధములకు క్రొవ్వుగాని తైలముగాని పూసి, ఉన్నిపోగులు చుట్టిన పిమ్మట, ఆమె పాదము గడపకు తగులకుండ ఎత్తి లోనికి కొనిపోవుచుండిరి. శిశువునకు నామకరణము, ఆడుబిడ్డయైనచో 8వ నాడు, మగబిడ్డయైనచో 9వ నాడు. ఆ యింట ఎవరైన కన్నుమూసినచో బంధువులు ఆ పేరు పెట్టి బిగ్గరగా పిలిచెడివారు.

ఈ ఆచారములన్నిటికిని రంగస్థలము ఇంటి నిర్మాణమే. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిదక్రింద పూడుకొనిపోయిన పాంపేయీలో, ఇంచుమించు 3,000 చదరపు మీటర్ల విస్తీర్ణముగల 'ఫాన్ గృహము'నకు ముందు, కాలిబాటమీద రంగురాళ్లతో పొదిగిన 'హవే' యను స్వాగతవచన మొకటి కలదు. దానిని దాటి, ఇరుకైన నడవలో నాలుగడుగులు వేసినంతనే 'ఏట్రియ'మను విశాలమైన హాలు. దాని నడిమిని పైకప్పు తెరపినుండి వాననీరు పడు తొట్టి. తొట్టికావల తిన్నగా యజమాని గది. ఉన్నతవంశీయుల యిండ్లలో ఈ హాలుననే, చెక్క యరలలో, పదవులు నిర్వహించిన పూర్వుల మైనపు ముఖప్రతిమలుండెడివి. వచ్చినవాడు ఒక్క మనుష్యునకే గాక, ఆ వంశమున కంతటికిని మ్రొక్కినట్లగుచుండెను. సామాన్యుడు తానే యొకరి వాకిటికి పోవునుగాని, తన వాకిటికి వచ్చువారుండరు గనుక, అతని యింటికి గొప్ప ముఖద్వారములును ఏట్రియములును అక్కరలేదని విత్రూవియస్ తన వాస్తుగ్రంథమున వ్రాసెను. సంఘమును అతడు గోడల కొలతలలో చదివినాడు!

రాజ్యము పెరిగినకొలది వాకిటి గుంపులును పెరిగెను. అపుడు వచ్చిన మార్పును తత్త్వవేత్త సెనెకా పట్టుకొనెను. స్నేహితులను తరగతులుగా విభజించి, కొందరిని ఏకాంతమునను, కొందరిని కొద్దిమందితోను, తక్కినవారినందరిని మూకుమ్మడిగాను చూచుటకు మొదట పూనుకొన్నవారు గయస్ గ్రాకస్, లీవియస్ ద్రూసస్ అనువారని అతడు చెప్పుచున్నాడు. వచ్చినవారి పేరులు యజమాని చెవిలో ఊదుటకు 'నోమెన్‌క్లాతోర్' అను దాసుడొక డేర్పడెను. ఎన్నికల యభ్యర్థులు ఇట్టివానిని వెంట నుంచుకొనరాదని శాసనము పుట్టగా, దానిని పాటించి పౌరుల పేరులు తానే వల్లెవేసినవాడు చిన్న కేటో యొక్కడే యని ప్లూటార్కు వ్రాసెను. ఉదయము తన యిల్లు జనముతో నిండియున్నను, మనసు విప్పి పరిహాసమాడుటకుగాని నిట్టూర్చుటకుగాని ఒక్కడును దొరకడని క్రీ.పూ. 60లో సిసెరో తన మిత్రుడగు ఆటికస్‌నకు వ్రాసికొన్న లేఖ నా మనసును మిక్కిలి కలచివేయును.

సామ్రాజ్యకాలమున ఈ వందనమునకు వెల యేర్పడినది. పూర్వము ఆశ్రితునకిచ్చు 'స్పోర్తులా' ఆహారముంచిన బుట్ట. క్రమముగా అది 100 క్వాద్రాన్సుల చిల్లర నాణెములయ్యెను. ఒకనాటి యుదయము తాను కేసిలియానస్ అనువానిని 'దోమినే', అనగా 'ప్రభూ', యనక పేరుతోనే పలుకరించితిననియు, ఆ స్వేచ్ఛకు 100 క్వాద్రాన్సులు మూల్యమయ్యెననియు మార్షియల్ వ్రాసెను. దానికి ఇంచుమించు నూరేండ్లకుమున్ను అగస్టస్ చక్రవర్తియే తన్ను ఎవరును ఆ మాటతో పిలువరాదని వారించియుండెను. చక్రవర్తి వలదన్న బిరుదు సామాన్య ధనికుని వాకిట నిర్బంధమయ్యెను.

వందనముతోపాటు ముద్దుపెట్టుకొనుటయు పెద్దలలో నిత్యకృత్యము కాగా, టైబీరియస్ చక్రవర్తి దానిని ఆజ్ఞాపత్రముతో నిషేధించెను. అతని కాలముననే గడ్డమునంటి ముఖమెల్ల ప్రాకు చర్మవ్యాధి యొకటి ఆసియానుండి వచ్చి, చుంబనమువలన ప్రభువర్గమున వ్యాపించెననియు, దాసులను తాకలేదనియు పెద్ద ప్లినీ వ్రాసెను. తరువాతి చక్రవర్తులలో కలిగులా తన పాదమునే చాచి ముద్దు పెట్టించుకొనెను. క్లాడియస్ వచ్చినవారిని సోదా చేయించెను. వెస్పాసియన్ ఆ సోదాను మాన్పించి, వేకువనే లేచి, తాను వస్త్రములు ధరించుచునే మిత్రులను లోనికి రానిచ్చుచుండెను. ప్లినీయు తెల్లవారకమున్నే అతనికడకు పోవుచుండెడివాడు. కాని అట్టి సరళత నిలువలేదు. 3వ శతాబ్ది చివర డయొక్లీషియన్ చక్రవర్తి, దర్శనార్థులు మోకరిల్లి తన ధూమ్రవర్ణపు వస్త్రపుటంచును ముద్దిడవలెనని విధించెను.

ఆ రాజసభాపద్ధతి తిరిగి ఇండ్లలోనికి ప్రవేశించినది. 4వ శతాబ్దిలో చరిత్రకారుడు అమ్మియానస్ మార్సెల్లినస్ చూచిన రోములో, ధనికులు తమ్ము ముద్దుపెట్టుకొనవచ్చినవారికి ముఖము పక్కకు త్రిప్పుకొని, మోకాలో చేయియో అందించుచుండిరి. పరదేశి యెవడైన మొదటిసారి అట్టివాని యింటికి పోయి వందన మొనర్చినచో, ఎంతకాలమునుండియో యెదురుచూచిన ఆప్తునివలె ఆదరింతురట. పదియేండ్లకుముందే రోముకు రాకపోతినే యని వాడు చింతించునట. ఆ నమ్మకముతో మరునాడు మరల పోయినచో, నిన్న అంతగా ఆదరించినవాడే, వీడెవడు, ఎక్కడినుండి వచ్చెనని చూచుచుండ, వాడు ఆ ఏట్రియమున నిలిచిపోవునట.