ఉపాధ్యాయ విద్యలో ప్రవేశం, కొనసాగింపు, అప్పీలు: నిబంధనల చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఉపాధ్యాయ విద్యకు సంబంధించిన నిబంధనలన్నీ మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతాయి. ఎవరిని చేర్చుకోవాలి? చేరినవారు ఏ షరతులపై కొనసాగాలి? అన్యాయం జరిగిందని భావించినవారు ఎవరికి చెప్పుకోవాలి? మద్రాసు రాజధాని కాలం నుండి నేటి వరకు ఈ మూడింటికీ చట్టం సమానమైన శ్రద్ధతో సమాధానం చెప్పలేదు. ప్రవేశంపై నిబంధనలు విస్తరించాయి. కొనసాగింపు హాజరు లెక్కగా మిగిలింది. అప్పీలు హక్కు ముందుగా సంస్థకు, చాలా ఆలస్యంగా ఛాత్రోపాధ్యాయునికి దక్కింది. ఈ అసమతౌల్యాన్ని బి.ఎడ్. కార్యక్రమం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: ఉపాధ్యాయ విద్య, బి.ఎడ్., ఎడ్‌సెట్, ఎన్.సి.టి.ఇ., గుర్తింపు, హాజరు, అప్పీలు.

1. ఉపోద్ఘాతం

1854 నాటి వుడ్ విద్యా ప్రణాళిక ఉపాధ్యాయులకు శిక్షణ అవసరమని గుర్తించింది. 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు ఏర్పడింది. తర్వాతి కాలంలో అదే సైదాపేట ఉపాధ్యాయ కళాశాలగా ప్రసిద్ధి పొందింది. 1882లో నియమితమైన హంటర్ కమిషన్, బోధన సూత్రాలలోను ఆచరణలోను పరీక్ష ఉండాలని, మాధ్యమిక పాఠశాలల్లో స్థిరమైన ఉద్యోగానికి అందులో ఉత్తీర్ణత షరతు కావాలని సూచించింది. దీనితో పాఠం చెప్పడం తెలిసి ఉండడం వేరు, తెలిసినట్లు ధ్రువపత్రం పొందడం వేరు అయ్యాయి. మద్రాసు విశ్వవిద్యాలయ పరిధిలోని తెలుగు జిల్లాలలో ఎల్.టి. పట్టా ఆ ధ్రువీకరణకు గుర్తుగా నిలిచింది. కాలక్రమంలో దాని స్థానంలోకి బి.టి., ఆపై బి.ఎడ్. వచ్చాయి.

2. ప్రవేశం: ప్రతిభ, ప్రాంతం, రుసుము

శిక్షణ సీట్లకు పోటీ పెరిగిన తర్వాత, సీటు ఎవరికి దక్కాలన్నది విద్యా విషయంగానే ఉండక రాజకీయ ప్రశ్నగా కూడా మారింది. 1973 నాటి ఆరు సూత్రాల పథకాన్ని అనుసరించి 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు విద్యాసంస్థల ప్రవేశాలలో స్థానిక అభ్యర్థులకు 85 శాతం సీట్లు కేటాయించింది. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులు స్థానిక ప్రాంతాలయ్యాయి. ఒక పట్టభద్రుడు బి.ఎడ్.లో చేరగలడా లేదా అన్నది అతని మార్కులతో పాటు అతడు ఎక్కడ చదివాడన్న దానిపై కూడా ఆధారపడింది.

రెండవ మలుపు 1983 నాటి చట్టం. విద్యాసంస్థల ప్రవేశాలను క్రమబద్ధం చేస్తూ, క్యాపిటేషన్ రుసుమును నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ దీనిని చేసింది. అర్హత పరీక్షలోని మార్కులు లేదా ఉమ్మడి ప్రవేశ పరీక్షలోని ర్యాంకు ప్రవేశానికి ప్రాతిపదిక కావాలన్నది దాని సారాంశం. ఎడ్‌సెట్ ఈ చట్రంలోనిదే. 2014 విభజన తర్వాత రెండు రాష్ట్రాలూ విడివిడిగా ఈ పరీక్షను నిర్వహిస్తున్నాయి.

ఈ వ్యవస్థ కళాశాల యాజమాన్యపు ఇష్టానిష్టాలకు కొంత హద్దు గీసింది. అయితే ర్యాంకు చెప్పగలిగేది అభ్యర్థికి విషయం ఎంత తెలుసునన్నదే. పిల్లల మధ్య నిలబడగల స్వభావం అతనికి ఉందో లేదో తేలవలసింది ప్రవేశం తర్వాతే. కనుక ప్రవేశ నిబంధనలు ఎంత కట్టుదిట్టంగా ఉన్నా, కొనసాగింపు నిబంధనల బరువు తగ్గదు.

3. కొనసాగింపు: శిక్షణా, పరీక్షా?

ఈ ప్రశ్న 1986లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ అనుమతి లేకుండా నడిచిన ప్రైవేటు ఉపాధ్యాయ శిక్షణ సంస్థల విద్యార్థులను పరీక్షకు అనుమతించాలన్నది ఆ వ్యాజ్యంలోని కోరిక. న్యాయస్థానం నిరాకరించింది. లేత వయసు పిల్లలకు చదువు చెప్పవలసినవారు సరైన సంస్థలో నిర్ణీత కాలం శిక్షణ పొందడం అవసరమని, పరీక్షలో నెగ్గినంత మాత్రాన అది సరిపోదని తీర్పు భావం.

ఈ తీర్పులో రెండు న్యాయాలు ఎదురెదురుగా నిలిచాయి. ఒకటి, రేపు తరగతిలో కూర్చునే పిల్లలకు జరగవలసిన న్యాయం. రెండవది, అనుమతి లేని సంస్థలో రుసుము చెల్లించి చేరిన విద్యార్థికి జరగవలసిన న్యాయం. న్యాయస్థానం మొదటిదాన్ని ఎంచుకుంది. బోధనా వృత్తి దృష్ట్యా ఆ ఎంపిక సమర్థనీయమే. కానీ తప్పు చేసిన సంస్థతో పాటు విద్యార్థి కూడా మూల్యం చెల్లించాడన్నది వాస్తవం.

శిక్షణ అంటే గడిపిన కాలమన్న భావన 2014 నాటి ఎన్.సి.టి.ఇ. నిబంధనలలో అంకెల రూపం ధరించింది. బి.ఎడ్. రెండేళ్ల కార్యక్రమమయింది. చేరిన నాటి నుండి మూడేళ్లలో దాన్ని పూర్తి చేయాలి. తరగతి పాఠాలకు, ప్రయోగ కార్యక్రమాలకు 80 శాతం, పాఠశాల ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు తప్పనిసరి. ఇంటర్న్‌షిప్‌కు ఎక్కువ శాతం విధించడంలో విధాన దృష్టి స్పష్టం. అయినా హాజరు పట్టీ చెప్పేది ఛాత్రోపాధ్యాయుడు బడికి వచ్చాడని మాత్రమే. వెనుకబడినవానికి ఏ సహాయం అందాలి, ఏ దశలో హెచ్చరించాలి, ఎవరు నిర్ణయించాలి అన్నవి ఆ అంకెలలో లేవు.

4. అప్పీలు: ఎవరి హక్కు?

1973 నుండి సలహా మండలిగా ఉన్న ఎన్.సి.టి.ఇ., 1993 చట్టం ద్వారా శాసనబద్ధ సంస్థగా 1995లో ఏర్పడింది. సంస్థలకు గుర్తింపు ఇవ్వడం, కొత్త కోర్సులకు అనుమతించడం, గుర్తింపును ఉపసంహరించడం ప్రాంతీయ కమిటీల అధికారాలు. ఆ ఉత్తర్వులతో బాధపడినవారు మండలికి అప్పీలు చేసుకోవచ్చునని 18వ సెక్షన్ చెబుతుంది. అంటే అప్పీలుకు విషయం సంస్థ గుర్తింపు. సీటు నిరాకరణ గానీ, ఇంటర్న్‌షిప్ మూల్యాంకనం గానీ, హాజరు చాలలేదని పరీక్షకు ఆపివేయడం గానీ దాని పరిధిలోనివి కావు.

విద్యార్థి ప్రస్తావన ఈ చట్టంలో పరోక్షంగా కనిపిస్తుంది. గుర్తింపు ఉపసంహరణ వెంటనే కాక, ఉత్తర్వు అందిన తర్వాతి విద్యాసంవత్సరం ముగిసిన నాటి నుండి అమలులోకి వస్తుందని 17వ సెక్షన్ చెబుతుంది. మధ్యలో ఉన్నవారు చదువు ముగించుకోవడానికి ఇది వెసులుబాటు. కానీ ఈ ఏర్పాటు నాటికి బి.ఎడ్. ఒక విద్యాసంవత్సరపు కోర్సు. కోర్సు రెండేళ్లకు పెరిగిన తర్వాత, అప్పుడే చేరినవారికి ఆ గడువు ఎంత రక్షణ అన్నది వ్యాఖ్యానంపై ఆధారపడే విషయమయింది.

విద్యార్థికి నేరుగా దారి చూపినది ఉపాధ్యాయ విద్యా చట్టం కాదు, ఉన్నత విద్యకు ఉమ్మడిగా వర్తించే యు.జి.సి. నిబంధనలు. 2012లో మొదలై, 2019లో, తిరిగి 2023లో సవరించబడిన ఈ ఏర్పాటు ప్రకారం ఫిర్యాదు మొదట విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి, అక్కడ తృప్తి కలగకపోతే అంబుడ్స్‌పర్సన్‌కు చేరుతుంది. ప్రవేశ అక్రమాలు, ధ్రువపత్రాలను అట్టిపెట్టుకోవడం, మూల్యాంకనంలో పారదర్శకత లోపించడం వంటివి ఫిర్యాదు పరిధిలోకి వస్తాయి. అయితే తరగతి గదిలో బోధనా నైపుణ్యాన్ని ఎలా తూచాలన్న వృత్తిపరమైన ప్రశ్నకు ఈ సాధారణ యంత్రాంగం వద్ద ప్రత్యేకమైన కొలమానం లేదు.

5. ముగింపు

ఉపాధ్యాయ విద్య నిబంధనలు ప్రధానంగా సంస్థను నియంత్రించడానికి రూపొందాయి. అనుమతి లేని కళాశాలల సమస్య తీవ్రత దృష్ట్యా అది సహజమే. కానీ ధ్రువపత్రం పొందేది వ్యక్తి, బోధించేది వ్యక్తి. 1986 తీర్పు చెప్పినట్లు శిక్షణే ప్రధానమైతే, ఆ శిక్షణ నుండి ఒకరిని తొలగించే నిర్ణయానికి కారణాలు రాతపూర్వకంగా ఉండాలి, లోపం దిద్దుకోవడానికి గడువు ఉండాలి, బోధన తెలిసినవారు పునఃపరిశీలించాలి. పిల్లల ప్రయోజనానికి, ఛాత్రోపాధ్యాయుని హక్కుకు మధ్య వైరం లేదు. తనకు న్యాయమైన విచారణ దక్కిన ఉపాధ్యాయుడే తరగతిలో పిల్లవాని మాట వినవలసిన అవసరాన్ని బాగా గుర్తించగలడు.