ఎర్ర తేలు విషం: కంప్యూటర్ విశ్లేషణ చెబుతున్నదేమిటి? రైతులు తీసుకోవలసిన జాగ్రత్తలు

పొదిలి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో మెట్ట పొలాలు, రాతి గట్లు, పలక రాళ్ల కుప్పలు ఎక్కువ. కంది కట్టె తీసేటప్పుడు, వామిలోంచి చొప్ప లాగేటప్పుడు, కల్లంలో గోతాలు ఎత్తేటప్పుడు తేలు కుట్టడం ఇక్కడి రైతులకు, కూలీలకు కొత్త కాదు. చాలామంది మంత్రం వేయించుకుని, చింతగింజ అరగదీసి అంటించి ఊరుకుంటారు. ఎక్కువ సార్లు నొప్పి దానంతట అదే తగ్గిపోతుంది కాబట్టి మంత్రం పనిచేసిందని అనుకుంటారు. కుట్టినది ఎర్ర తేలు అయితే, ముఖ్యంగా పిల్లల విషయంలో, ఈ ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ విషంలో ఏముంది, శరీరంలో ఎలా పనిచేస్తుంది, దాన్ని కంప్యూటర్‌తో ఎలా పరిశీలిస్తారు, మన కంది చేనులోని పురుగుకూ దీనికీ సంబంధం ఏమిటి అన్నవి ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

ఏ తేలు ప్రమాదకరం?

పెద్ద పిడికెళ్లతో, నల్లగా, చూడగానే భయం పుట్టించే మండ్రగబ్బ కుడితే నొప్పి ఉంటుంది కానీ ప్రాణాపాయం అరుదు. చిన్నగా, ఎరుపు లేదా గోధుమ రంగులో, సన్నని పిడికెళ్లతో, లావైన తోకతో ఉండే ఎర్ర తేలు అసలు ప్రమాదకారి. దీని శాస్త్రీయ నామం హాటెన్‌టోటా టామ్యులస్. పాత పుస్తకాల్లో మెసోబూథస్ టామ్యులస్ అని ఉంటుంది. మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడుతో పాటు మన రాష్ట్రంలోనూ ఇది ఉంది. పిడికెళ్లు సన్నగా, తోక లావుగా ఉంటే జాగ్రత్త పడాలని గుర్తుంచుకోండి.

విషం శరీరంలో ఏం చేస్తుంది?

చెరువు తూమును ఊహించుకోండి. తలుపు ఎత్తితే నీరు పారుతుంది, దించితే ఆగుతుంది. మన నరాల కణాల పొరల్లోనూ ఇలాంటి అతి చిన్న తూములు ఉంటాయి. కొన్నిటి ద్వారా సోడియం, కొన్నిటి ద్వారా పొటాషియం కదులుతాయి. వాటిని శాస్త్రవేత్తలు అయాన్ ఛానళ్లు అంటారు. తేలు విషంలో ఒక రకం ప్రోటీన్లు సోడియం తూము తలుపు మూసుకోకుండా అడ్డుపడతాయి. ఇంకో రకం పొటాషియం తూముకు బిరడా వేస్తాయి. రెండింటి వల్లా నరాలు ఆగకుండా సంకేతాలు పంపుతూనే ఉంటాయి.

దాంతో అడ్రినలిన్ వంటి పదార్థాలు ఒక్కసారిగా రక్తంలోకి వస్తాయి. ఒళ్లంతా చెమటలు పట్టడం, కాళ్లూ చేతులూ చల్లబడటం, వాంతులు, చొంగ కారడం, గుండె దడ కనిపిస్తాయి. తీవ్రమైతే గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మరణాలు ఎక్కువగా ఈ దశలోనే సంభవిస్తాయి.

కంప్యూటర్ ఎక్కడ ఉపయోగపడుతుంది?

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చిన దండ. పూసలు 20 రకాలు. ఒక్కో రకానికి ఒక్కో అక్షరం పెడితే ప్రతి విషమూ ఒక అక్షరాల వరుస అవుతుంది. ఈ వరుసలను భద్రపరచి, పోల్చి, వాటి ఆకారాన్నీ పనినీ అంచనా వేసే శాస్త్రమే బయోఇన్ఫర్మాటిక్స్. పని ఈ క్రమంలో జరుగుతుంది.

1. వరుసను వెతకడం: సర్వే నంబరు కొడితే అడంగల్ వివరాలు వచ్చినట్టే, యూనిప్రాట్ వంటి ప్రపంచ నిల్వల్లో విషం పేరు కొడితే దాని అక్షరాల వరుస వస్తుంది. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు.

2. పోల్చడం: కొత్త విషం వరుసను బ్లాస్ట్ అనే ప్రోగ్రాముకు ఇస్తే, ఇప్పటికే తెలిసిన విషాల్లో దానికి దగ్గరి చుట్టాలు ఏవో చూపిస్తుంది.

3. ముడులను గుర్తించడం: సిస్టీన్ అనే పూసలు రెండేసి జతగా కలిసి గట్టి ముడి వేసుకుంటాయి. నులక మంచాన్ని ముడులు బిగించి పట్టినట్టు, తేలు విషపు ఆకారాన్ని ఇవి పట్టి ఉంచుతాయి. పొటాషియం తూములను మూసే విషాల్లో సాధారణంగా 30 నుంచి 40 పూసలు, మూడు లేదా నాలుగు ముడులు ఉంటాయి. సోడియం తూములపై పనిచేసేవి దాదాపు 60 నుంచి 70 పూసల పొడవు ఉంటాయి.

4. ఆకారం, అతుకు అంచనా: తెలిసిన చుట్టం ఆకారాన్ని అచ్చుగా తీసుకుని కొత్తదాని నమూనా కడతారు. ఇప్పుడు ఆల్ఫాఫోల్డ్ వంటి ప్రోగ్రాములు అక్షరాల నుంచే ఆకారాన్ని అంచనా వేస్తున్నాయి. ఆ నమూనా ఏ తూముకు ఎలా అతుక్కుంటుందో డాకింగ్ పద్ధతిలో చూస్తారు.

ఒక ఉదాహరణ చూడండి. మన ఎర్ర తేలు విషం నుంచే 1990లో ఐబెరియోటాక్సిన్ అనే 37 పూసల విషాన్ని వేరు చేశారు. వేరే జాతి తేలులోని కారిబ్డోటాక్సిన్‌తో దీనికి 68 శాతం పోలిక ఉంది. అయినా కారిబ్డోటాక్సిన్ పలు రకాల పొటాషియం తూములను మూస్తుంది, ఐబెరియోటాక్సిన్ మాత్రం ఒకే రకాన్ని మూస్తుంది. ఎక్కడ ఏ అక్షరం మారితే పని మారిందో ఈ పోలికల వల్ల తెలుస్తుంది. అందుకే ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఈ విషాన్ని పనిముట్టుగా వాడుతున్నారు.

ఒక హెచ్చరిక. కంప్యూటర్ చెప్పేది అంచనా మాత్రమే. ప్రయోగశాలలో పరీక్షించాకే అది నిజమని తేలుతుంది.

మన కంది చేనుకు సంబంధం ఏమిటి?

తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో తేళ్లపై దశాబ్దాలుగా పరిశోధన జరిగింది. ఆ విశ్వవిద్యాలయానికి చెందిన ఉదయగిరి రాజేంద్ర గారు అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ శాస్త్రవేత్తలతో కలిసి దక్షిణ భారత ఎర్ర తేలు విషం నుంచి బ్యూటాఐటీ అనే 37 పూసల విషాన్ని వేరు చేశారు. ఆ ఫలితం 2001లో ప్రచురితమైంది. దీనిలో ఎనిమిది సిస్టీన్లు, అంటే నాలుగు ముడులు ఉన్నాయి. వరుసను పోల్చి చూస్తే క్లోరోటాక్సిన్ వంటి చిన్న విషాల కుటుంబంలోదని తేలింది. రెక్కల పురుగుల వర్గానికి చెందిన హీలియోథిస్ లార్వాలకు ఎక్కించి చూస్తే అవి క్రమంగా చచ్చుబడిపోయాయి. కంది, శనగ, మిరప, పత్తిని తినే మన శనగపచ్చ పురుగు ఈ లార్వాకు దగ్గరి చుట్టమే.

చిక్కు ఏమిటంటే, పురుగు తింటే ఈ విషం దాని కడుపు దాటి నరాల దాకా సరిగా చేరదు. 2006లో ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు దీన్ని స్నోడ్రాప్ అనే మొక్కలోని లెక్టిన్ ప్రోటీనుతో అతికించి, తినిపించినా పురుగు మీద పనిచేసేలా చేయగలిగారు. ఇదే దారిలో సాలీడు విషం ఆధారంగా తయారైన పురుగుమందుకు అమెరికాలో అనుమతి కూడా వచ్చింది.

మన దేశంలో తేలు విషంతో చేసిన పురుగుమందు ఏదీ రిజిస్టర్ కాలేదు. తేలు విషం బయో మందు అని ఎవరైనా సీసా చూపిస్తే కొనకండి, డబ్బు నష్టపోకండి. శనగపచ్చ పురుగుకు ప్రస్తుతం ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు, పక్షి స్థావరాలు, సాయంత్రం పూట ఎన్.పి.వి. ద్రావణం పిచికారీ వంటి సిఫారసు పద్ధతులే పాటించండి.

వైద్యం ఎంత మారింది?

మహారాష్ట్రలోని మహాడ్‌లో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ ఎర్ర తేలు కాటు రోగులను ఏళ్ల తరబడి గమనించి, 1980ల్లో ప్రాజోసిన్ అనే రక్తపోటు మాత్రతో చికిత్స మొదలుపెట్టారు. ఈ మాత్ర రాకతో మరణాలు బాగా తగ్గాయి. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించింది. 2011లో ప్రచురితమైన ఆయన పరీక్షలో 70 మంది రోగులకు చికిత్స చేశారు. ప్రాజోసిన్ మాత్రమే ఇచ్చినవారు సగటున 17.7 గంటల్లో కోలుకోగా, దానితో పాటు విష విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చినవారు 8 గంటల్లో కోలుకున్నారు.

అయితే విరుగుడు మందులో చిన్న విషాలను పట్టుకునే ప్రతిదేహాలు తక్కువగా ఉన్నాయని అసోంలోని తేజ్‌పూర్ విశ్వవిద్యాలయం పరిశోధనలో తేలింది. ఎర్ర తేలు విషంలో ఎక్కువ భాగం సోడియం, పొటాషియం తూములపై పనిచేసే ఆ చిన్న విషాలే. ఏ విషాన్ని గురిపెట్టి మెరుగైన విరుగుడు చేయాలో తెలుసుకోవడానికి ఈ కంప్యూటర్ విశ్లేషణ అక్కరకొస్తుంది.

తేలు కుడితే చేయవలసినవి

• కుట్టిన చోట సబ్బు నీటితో కడిగి, ఆ కాలు లేదా చెయ్యి కదలకుండా ఉంచండి. ఉంగరాలు, మెట్టెలు, గాజులు తీసేయండి.
• తాడు బిగించి కట్టకండి. కోయకండి, నోటితో పీల్చకండి, కాల్చకండి.
• నొప్పి తక్కువగా ఉంది కదా అని ధీమాగా ఉండకండి. చెమటలు, వాంతులు, కాళ్లూ చేతులూ చల్లబడటం, దగ్గు, ఆయాసం కనిపిస్తే వెంటనే 108కు ఫోన్ చేయండి.
• పిల్లలను లక్షణాలు లేకపోయినా ఆలస్యం లేకుండా దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి.
• ప్రాజోసిన్ మాత్రను సొంతంగా వేసుకోకండి. రక్తపోటు ఒక్కసారిగా పడిపోవచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి.
• తేలును వెతికి పట్టుకునే పనిలో సమయం పోగొట్టకండి. వీలైతే దూరం నుంచి ఫోటో తీయండి, చాలు.

కుట్టకుండా జాగ్రత్తలు

• రాళ్లు, కట్టె, చొప్ప, పలకలు ఎత్తేటప్పుడు మందపాటి చేతి తొడుగులు, కాళ్లకు బూట్లు వేసుకోండి. ముందు కర్రతో కదిలించి తర్వాత చేయి పెట్టండి.
• చెప్పులు, బూట్లు, గోతాలు, దుప్పట్లు దులిపి వాడండి. కల్లం దగ్గర నేల మీద కాకుండా మంచం మీద పడుకోండి.
• ఇంటి గోడల పగుళ్లు పూడ్చండి. ఇంటికి ఆనించి కట్టె, ఇటుకలు పేర్చకండి.
• తేలు ఒంటి మీద అతినీలలోహిత కాంతి పడితే ఆకుపచ్చగా మెరుస్తుంది. నోట్ల పరీక్షకు వాడే చిన్న టార్చి లాంటిది దగ్గరుంటే రాత్రి కల్లంలో, ఇంటి చుట్టూ చూసుకోవచ్చు.

ఇంట్లో పెద్దలకు మంత్రం మీద నమ్మకం ఉంటే వాదన పెట్టుకుని ఆలస్యం చేయకండి. బండి ఎక్కించి, ఆ మంత్రం దారిలోనే వేయమని చెప్పండి. ఆసుపత్రికి చేరడం మాత్రం ఆగకూడదు. పంట పురుగుల యాజమాన్యంపై సందేహాలుంటే మీ గ్రామ రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకులను సంప్రదించండి.