రంగం వెళ్లినవాళ్లు

శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో పాతతరం బర్మాను రంగం అనేది. పంట పోయినా, అప్పు మీద పడినా మగవాళ్లకు కనిపించే దారి అదే. కూలీలను కుదిర్చే మేస్త్రీ ఊళ్లోకొచ్చి చేతిలో అడ్వాన్సు పెట్టి, విశాఖలోనో కాకినాడలోనో డెక్కు టికెట్టు మీద ఓడ ఎక్కించేవాడు. ఆ డబ్బంతా తర్వాత కూలిలో మినహాయించుకునేవాడు. రంగూన్ రేవులో బస్తాలు మోసిందీ, రిక్షాలు లాగిందీ, వీధులు ఊడ్చిందీ ఎక్కువగా వీళ్లే. బర్మావాళ్లు వీళ్లను కోరంగీలు అనేవారు. ఆ పేరుకు మూలమైన కోరంగి రేవు 1839 తుపానులో దెబ్బతిన్నా, పేరు మాత్రం వీళ్లను వదల్లేదు.

1930 మేలో రంగూన్‌లో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. సరుకు ఆగకుండా కాంట్రాక్టర్లు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరిపోయింది. మే 26న ఎప్పటిలా పనికొచ్చిన బర్మావాళ్లను ఇక అక్కర్లేదు పొమ్మన్నారు. మాటామాటా పెరిగి దాడులైపోయాయి. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్లే. ఒకే పనికి ఇద్దరు పేదవాళ్లను పోటీకి నిలబెట్టినవాళ్ల ఒంటిమీద మాత్రం దెబ్బ పడలేదు.

1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడగానే జనం ఇండియాకు వెళ్లాలని ప్రోమ్ దారి పట్టారు. రేవు ఆగకూడదు కాబట్టి ప్రభుత్వం వాళ్లకు నచ్చజెప్పి వెనక్కి మళ్లించింది. కూలీలు ఉంటే చాలనుకున్నారు, వాళ్ల ప్రాణాల సంగతి ఎవరూ ఆలోచించలేదు. 1942 మార్చిలో రంగూన్ చేజారేసరికి పేదలకు మిగిలింది కాలినడకే. కొందరు టాంగప్ కనుమ దాటి అరకాన్ తీరానికి, కొందరు టము మీదుగా మణిపూర్‌కు, మరికొందరు హుకాంగ్ లోయలో బురద తొక్కుకుంటూ అస్సాంకు నడిచారు. నీళ్లు దొరకని కొండదారిలో కలరా అంటుకుంది. బర్మా విడిచిన లక్షలాది భారతీయుల్లో వేలమంది దారిలోనే పోయారు.

యుద్ధం ముగిశాక కొందరు మళ్లీ వెళ్లారు.

1962లో బర్మాలో జనరల్ నె విన్ సైన్యం గద్దెనెక్కింది. 1964 మార్చిలో రంగూన్ దుకాణాలు జాతీయమయ్యాయి, మేలో 50, 100 చాట్ నోట్లు రద్దయ్యాయి. పెట్టెలో దాచుకున్నది చెల్లకుండా పోయింది, నగలూ వెంట తెచ్చుకోనివ్వలేదు. ఆ ఏళ్లలో దాదాపు మూడు లక్షలమంది భారతీయులు ఓడలెక్కారు. విశాఖలో దిగినవాళ్లకు కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు వెలిసింది. కాందిశీకులుగా వచ్చిన వాళ్లలో చాలామంది బర్మాలోనే పుట్టి, ఈ తీరాన్ని మొదటిసారి చూసినవాళ్లు.

బర్మాలో మౌల్మీన్ వైపు ఇంకా తెలుగు కుటుంబాలున్నాయి. 1982 పౌరసత్వ చట్టం 1823కు ముందే అక్కడ స్థిరపడిన జాతులనే పుట్టుకతో పౌరులుగా లెక్కగట్టింది. రేవులో బస్తాలు మోసిన తెలుగువాళ్లలో దాదాపు అందరూ వెళ్లింది 1823 తర్వాతే.