తొమ్మిది మిల్లీమీటర్ల పట్టాలు: జపాన్ మోడల్ రైళ్ల చరిత్ర

జపాన్ నేల మీద అసలు రైలు కంటే ముందు నడిచింది మోడల్ రైలు. 1853లో పుత్యాతిన్ నాయకత్వంలో నాగసాకి రేవుకు వచ్చిన రష్యా నౌకలో ఆవిరితో నడిచే చిన్న రైలు నమూనా ఒకటి ఉంది. దాన్ని దగ్గరగా చూసిన వాళ్లలో సాగా సంస్థానం మనుషులూ ఉన్నారు. సరిగ్గా అదే ఏడాది ఏప్రిల్ 16న మన దేశంలో బోరీ బందర్ నుంచి ఠాణాకు ప్రయాణికుల రైలు మొదలైంది. ఇక్కడ జనం నిజమైన రైలెక్కిన ఏడాదే అక్కడివాళ్లు బొమ్మ రైలును చూశారన్నమాట. మరుసటి ఏడాది అమెరికా నౌకాధిపతి పెర్రీ అసలు రైలులో పావు వంతు ఉండే ఇంజనును, ఒక పెట్టెను యొకొహామాకు తెచ్చి, గుండ్రంగా పట్టాలు వేయించి నడిపించాడు. పెట్టెలో మనిషి పట్టే చోటు లేదు. చూడడానికి వచ్చిన జపాన్ అధికారి ఒకరు దాని కప్పు మీదే కూర్చుని చుట్టూ తిరిగి వచ్చాడు.

చూసి ఊరుకోనివాళ్లు సాగావాళ్లు. సంస్థానం నడిపే ప్రయోగశాలలో తనాకా హిసాషిగె అనే పనివాడు, ఆయన సహచరులు కలిసి 1855లో సొంతంగా ఒక ఆవిరి ఇంజను చేశారు. పొడవు సుమారు 40 సెంటీమీటర్లు, మంటకు ఆల్కహాలు. తనాకా అప్పటికే కీలుబొమ్మలకు, గడియారాలకు పేరుపడ్డవాడు. 1875లో ఆయన టోక్యోలో పెట్టిన కార్ఖానా నుంచే తర్వాత తోషిబా కంపెనీ ఎదిగింది. ఆ చిన్న ఇంజను ఇప్పటికీ సాగాలో భద్రంగా ఉంది. ఇంజను ఎలా కదులుతుందో తెలుసుకోవాలంటే దాన్ని చిన్నదిగా చేసి చూడడం కంటే మంచి దారి లేదని ఆ పనివాళ్లు గ్రహించారు. జపాన్ మోడల్ రైళ్ల చరిత్రకు అసలు తొలి పుట అదే.

నిజమైన రైలు మార్గం షింబాషి, యొకొహామాల మధ్య 1872లో మొదలైంది. పట్టాల మధ్య దూరం 1067 మిల్లీమీటర్లు, అంటే మూడున్నర అడుగులు. బ్రిటన్‌లో అప్పటికే స్థిరపడిన 1435 మిల్లీమీటర్లతో పోలిస్తే ఇది ఇరుకు. కొండలు ఎక్కువ, డబ్బు తక్కువ ఉన్న దేశానికి ఇరుకు పట్టాలే చవక అనుకున్నారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే, 1870లో, మేయో వైస్రాయిగా ఉండగా మన దేశంలో మీటరు గేజీని ఎంచుకోవడానికీ ఖర్చే కారణం. 19వ శతాబ్దం చివర సదరన్ మరాఠా రైల్వే నల్లమల దాటించి గుంటూరు వైపు వేసిన లైను ఆ నిర్ణయం ఫలమే. దొనకొండ, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట స్టేషన్లు ఆ మీటరు గేజీ దారిలో వెలిసినవే. జపాన్ రైలుకూ ఈ నల్లమల లైను పాత రైలుకూ పట్టాల వెడల్పులో తేడా 67 మిల్లీమీటర్లు మాత్రమే. ఈ చుట్టరికం గుర్తుంటే ముందు వచ్చే కొలతల గొడవ సులువుగా అర్థమవుతుంది.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందే జపాన్‌లో రేకు బొమ్మల పరిశ్రమ బలంగా ఉండేది. యుద్ధం ముగిసేసరికి ఇనుము, ఇత్తడి, బొగ్గు దేనికీ దిక్కులేదు. అయినా 1945 డిసెంబరుకల్లా, అమెరికా సైనికులు పారేసిన ఖాళీ డబ్బాల రేకుతో చేసిన జీపు బొమ్మలు క్యోటో అంగళ్లలోకి వచ్చాయి. 1947 తర్వాత బొమ్మల ఎగుమతికి దారి తెరుచుకుంది. కొనేవాళ్లలో మొదటివాళ్లు టోక్యోలో ఉన్న అమెరికా సైనికులు. గింజా వీధిలో 1879లో మొదలై, గడియారాలు, నగలు అమ్ముతూ వచ్చిన తెన్‌షోదో దుకాణం వాళ్ల కోసం మోడల్ రైళ్ల వ్యాపారంలోకి దిగింది. ఇళ్లకు తిరిగి వెళ్లిన సైనికులు ఆ ఇంజన్లను మూటగట్టుకు వెళ్లడంతో అమెరికాలో వాటికి గిరాకీ పుట్టింది.

1950ల నుంచి సుమారు రెండు దశాబ్దాల పాటు జపాన్ ఇత్తడి ఇంజన్లది ఈ రంగంలో పెద్ద పేరు. అమెరికాలోని పసిఫిక్ ఫాస్ట్ మెయిల్ వంటి దిగుమతి సంస్థలు ఫోటోలు, డ్రాయింగులు పంపేవి. టోక్యోలో చిన్న చిన్న కార్ఖానాలు, చాలావరకు కుటుంబాలే నడిపేవి, వాటిని చూసి అమెరికా ఇంజన్లను చేసి ఇచ్చేవి. ఇత్తడి రేకును అచ్చుతో నొక్కి, అంచులను ఆకురాయితో రాసి, బాయిలరు మీది గొట్టాలు, కమ్మీలు, గంట ఒక్కొక్కటీ టంకం పెట్టి అతికేవారు. టంకం ఎక్కువైతే వివరం మూసుకుపోతుంది, తక్కువైతే అతుకు ఊడుతుంది. చాలా నమూనాలను కొన్ని వందలకు మించి చేయకపోవడం వల్ల అవి మొదటి రోజు నుంచే సేకరణ వస్తువులయ్యాయి. కొన్నవాళ్లలో చాలామంది రంగు కూడా వేయించకుండా ఇత్తడి మెరుపుతోనే అద్దాల బీరువాలో పెట్టుకున్నారు. ఈ వ్యాపారాన్ని నిలబెట్టింది పనితనంతో పాటు డాలరుకు 360 యెన్‌ల స్థిర మారకం. 1971లో అది సడలి, యెన్ విలువ పెరిగి, కూలి రేట్లూ పెరిగేసరికి పని దక్షిణ కొరియాకు తరలింది. తమ చేతులతో తమ దేశపు రైళ్ల కంటే పరాయి దేశపు రైళ్లనే ఎక్కువ చేసిన ఆ పనివాళ్ల పేర్లు చాలావరకు ఏ పెట్టె మీదా అచ్చు కాలేదు. ఆ పనికి దక్కవలసిన గౌరవం ఇంకా దక్కలేదు.

స్వదేశీ అభిరుచిపరులకు మాత్రం జపాన్ రైళ్లే కావాలి. చిక్కు అక్కడే వచ్చింది. ప్రపంచంలో ఎక్కువమంది వాడే హెచ్‌ఓ పద్ధతిలో పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు; దాన్ని 87 రెట్లు పెంచితే 1435 వస్తుంది. జపాన్ రైలు 1067 మీద నడుస్తుంది కనుక అదే నిష్పత్తిలో పట్టాలు 12 మిల్లీమీటర్లు ఉండాలి. కానీ అందరూ వాడే పట్టాలు, చక్రాలు, మోటార్లు 16.5కే దొరికేవి. యుద్ధానంతరం వెలువడ్డ ‘తెత్సుదో మొకెయ్ షుమి’ పత్రిక స్థాపకుడు యమజాకి దీనికి ఒక రాజీ మార్గం చూపాడు: పట్టాలు 16.5 గానే ఉంచి, జపాన్ పెట్టెలను మాత్రం కాస్త పెద్దగా, 1/80 నిష్పత్తిలో చేయడం. లెక్క ప్రకారం పట్టాలు 13.3 మిల్లీమీటర్లు ఉండాలి, ఉన్నవి 16.5. ఎదురుగా నిలబడి చూస్తే పెట్టె కింద చక్రాలు ఎడంగా కనిపిస్తాయి. దీన్ని భరించలేని కొందరు 13 మిల్లీమీటర్ల పట్టాలు, మరికొందరు 1/87కు 12 మిల్లీమీటర్ల పట్టాలు సొంతంగా వేసుకున్నారు. సంఖ్యలో కొద్దిమందే అయినా, చూసే కంటికి వాళ్ల రైళ్లే ఎక్కువ నిజం.

ఈ అభిరుచి సామాన్యుల ఇంటికి చేరింది ఇంకా చిన్న కొలతతో. జర్మనీలో ఆర్నాల్డ్ కంపెనీ తెచ్చిన 9 మిల్లీమీటర్ల పట్టాల పద్ధతిని జపాన్‌లో మొదట అందుకున్నది సెకిసుయి కింజొకు. కాతో యూజీ 1957లో పెట్టిన ఈ కంపెనీని లోకం కాతో అనే పిలుస్తుంది. అది 1965లో సీ50 ఆవిరి ఇంజనును, దాని వెనక తగిలించే పెట్టెలను విడుదల చేసింది. ఎన్ గేజీ అనే ఈ పద్ధతిలోనూ అదే రాజీ: 1435 మీద నడిచే షింకాన్‌సెన్ రైళ్లు 1/160, మిగతా జపాన్ రైళ్లు 1/150, రెండింటికీ పట్టాలు 9 మిల్లీమీటర్లే. ఇరవై మీటర్ల పెట్టె 1/150లో 13 సెంటీమీటర్ల పైచిలుకు. బడిపిల్లలు వాడిన మార్కాపురం పలక మీద అడ్డంగా పెడితే ఇముడుతుంది. 280 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపులతో రెండడుగుల వెడల్పు బల్ల మీద రైలు చుట్టు తిరిగి వస్తుంది. ఆట అయ్యాక పట్టాలు విప్పి అలమారాలో పెట్టేయవచ్చు. ఇరుకు ఇళ్ల జపాన్‌కు ఇంతకంటే ఏం కావాలి? 1976లో బొమ్మల కంపెనీ తోమీ కూడా తోమిక్స్ పేరుతో ఇందులోకి దిగింది. అప్పటికే 1959 నుంచి తోమీ అమ్ముతున్న నీలం ప్లాస్టిక్ పట్టాల ‘ప్లారైల్’ పసిపిల్లల చేతుల్లో ఉంది. ప్లారైల్‌తో మొదలుపెట్టిన పిల్లలే పెద్దయ్యాక తోమిక్స్, కాతోల కొనుగోలుదారులయ్యారు.

సేకరణకు ఊపు తెచ్చినవి మాత్రం అసలు రైల్వేలో వచ్చిన మార్పులు. జపాన్ జాతీయ రైల్వేలో ఆవిరి ఇంజను లాగిన చివరి ప్రయాణికుల రైలు 1975 డిసెంబరులో నడిచింది. అంతకు ముందు కొన్నేళ్ల పాటు జనం కెమెరాలతో ఆవిరి ఇంజన్ల వెంట పడ్డారు. తర్వాత నీలం రంగు రాత్రి రైళ్ల మోజు వచ్చింది. 1987 ఏప్రిల్ 1న జాతీయ రైల్వేను ప్రాంతాల వారీ కంపెనీలుగా విడగొట్టాక ఒక్కో కంపెనీ ఒక్కో రంగు వేసుకోవడంతో ఒకే పెట్టెకు నాలుగైదు వేషాలు పుట్టాయి. ఏ రైలు ఎప్పుడు ఆగిపోయినా దాని నమూనాకు గిరాకీ లేచేది. పోయినదాన్ని పట్టి ఉంచుకోవాలన్న ఆ తపనే ఇప్పటికీ ఈ వ్యాపారానికి ఆయువు.

కొనే పద్ధతిలోనూ ఈ తొందర కనిపిస్తుంది. కంపెనీలు కొత్త నమూనాలను నెలల ముందే ప్రకటిస్తాయి, దుకాణాలు ముందస్తు ఆర్డర్లు తీసుకుంటాయి. ఒక విడత తయారీ అమ్ముడయ్యాక మళ్లీ ఎప్పుడు చేస్తారో చెప్పలేం. మళ్లీ చేసినా రైలు నంబర్లో, చిన్న వివరంలో తేడా ఉండవచ్చు. పొడవైన రైలును ‘మూల సెట్టు’, ‘అదనపు సెట్టు’ అని విడదీసి అమ్ముతారు. సాధారణంగా మోటారు ఒక్క పెట్టెలోనే ఉంటుంది, తక్కినవి దాని వెంట దొర్లేవే. సెట్టు పెట్టె పుస్తకంలా తెరుచుకుంటుంది. లోపల ఫోమ్ గాడుల్లో ఒక్కో బోగీ పడుకుని ఉంటుంది. కాతో తన బోగీల మీద నంబర్లు అచ్చువేసే పంపుతుంది. తోమిక్స్ చాలావాటికి నంబర్ల కాగితం విడిగా ఇస్తుంది. కొన్నవాడు వాటిని ఒక్కొక్కటీ బోగీ పక్కన ఆనించి, రుద్ది అంటించుకోవాలి. ఒక అక్షరం వంకర పోతే మొత్తం కనిపిస్తుంది. అందుకే పాతసరుకు దుకాణాల్లో ఇంకా కత్తిరించని నంబర్ల కాగితం ఉన్న సెట్టుకు ధర ఎక్కువ పలుకుతుంది. 2005లో తోమీ అనుబంధ సంస్థ తోమీటెక్ మూసిన డబ్బాల్లో ‘రైల్వే కలెక్షన్’ అమ్మకం మొదలుపెట్టింది. ఏ బోగీ వస్తుందో తెరిస్తే గాని తెలియదు. మోటారు విడిగా కొనుక్కోవాలి. పెద్ద కంపెనీలు పట్టించుకోని పల్లెటూరి లైన్ల డీజిలు బోగీలు వీటి వల్లే చవకగా జనానికి దొరికాయి.

మంచి సేకరణ ఎంత దూరం పోగలదో హరా నొబుతారో (1919–2014) చూపించాడు. ఆయన పోగుచేసిన, చేయించిన సుమారు 6000 నమూనాలు 2012లో యొకొహామాలో తెరిచిన హరా మోడల్ రైల్వే మ్యూజియానికి పునాది.

భారతదేశం నుంచి కొనేవాళ్లకు ఖర్చు రైలు ధరతో ఆగదు. బొమ్మలు, నమూనాల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. జపాన్ ఇళ్లలో కరెంటు 100 వోల్టులు, మనకు 230. పట్టాలకు కరెంటు ఇచ్చే అక్కడి 100 వోల్టుల పవర్ ప్యాక్‌ను నేరుగా మన గోడ ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. పట్టాలకు అందేది ఎలాగూ 12 వోల్టుల డీసీయే కనుక ఆ కొలతకు సరిపోయే వేరే కంట్రోలరు ఇక్కడే సమకూర్చుకోవచ్చు. కాతో, తోమిక్స్ పట్టాల అతుకులు ఒకదానికొకటి నేరుగా కలవవు, ఆ సంగతి మొదటి కొనుగోలుకు ముందే తెలియాలి.

భారత రైళ్లకు జపాన్‌తో సంబంధం బొమ్మల వరకే కాదు. 1960ల్లో మిత్సుబిషి మన బ్రాడ్ గేజీకి డబ్ల్యూఏఎం-2 విద్యుత్ ఇంజన్లను, మద్రాసు మీటరు గేజీ లైనుకు వైఏఎం-1 ఇంజన్లను అందించింది. నల్లమల లైనుకు విద్యుత్తు మీటరు గేజీ కాలంలో రాలేదు. 1990ల్లో గేజీ మార్పు జరిగింది, పాత దారిలోని దొరబావి వంతెన వాడుక తప్పింది. హనుమంతునిపాడు వంటి, అప్పట్లో పట్టాలు లేని మండలాల జనం మార్కాపురం రోడ్డులో ఎక్కిన ఆ చిన్న రైలును నమూనాగా నిలబెట్టాలంటే లెక్క కష్టం కాదు. 1/87లో మీటరు గేజీకి 11.5 మిల్లీమీటర్లు రావాలి. స్విట్జర్లాండ్ కొండ రైళ్ల నమూనాలకు వాడే 12 మిల్లీమీటర్ల పట్టాలు దానికి చాలా దగ్గర, బజారులో దొరుకుతాయి కూడా. ఇంట్లో చోటు లేకపోతే జపాన్ ఎన్ గేజీ పట్టాలనే వాడి, పెట్టెలను 1/111లో కట్టుకుంటే 9 మిల్లీమీటర్లు అచ్చంగా మీటరు అవుతుంది. జపాన్ మోటారు బోగీ అడుగుభాగాన్ని తీసుకుని, దాని చక్రాల మధ్య దూరానికి సరిపడేలా, పై పెట్టెను ఇత్తడి రేకుతోనో ప్లాస్టిక్ రేకుతోనో పాత డ్రాయింగుల ప్రకారం కట్టాలి. టోక్యో కార్ఖానాలు 1950ల్లో అమెరికా ఇంజన్లకు చేసినదీ ఇదే: ముందు ఫోటోలు, డ్రాయింగులు, తర్వాత ఆకురాయి, టంకం.