ఉప్పుగాలిలో డార్క్‌రూమ్

కాగితం మీద ఫోటో వేసే తొలి పద్ధతికి మామూలు ఉప్పే ఆధారం. 1830లలో ఇంగ్లండులో టాల్బట్ కాగితాన్ని ఉప్పునీళ్లలో తడిపి ఆరబెట్టి, సిల్వర్ నైట్రేటు పూసి ఎండ చూపించాడు. ఇసకపల్లి ఉప్పుమడులున్న నెల్లూరు తీరంలో ఆ సరుక్కి కొదవ లేదు. కానీ ఫోటోగ్రఫీ ఇక్కడికి మద్రాసు మీదుగానే రావాల్సి వచ్చింది. అక్కడ 1850లో చిత్రకళా పాఠశాల పెట్టిన అలెగ్జాండర్ హంటర్ దాన్ని పాఠాల్లో చేర్చాడు. 1858లో కెప్టెన్ ట్రైప్ మద్రాసు మ్యూజియంలోని అమరావతి శిల్పాలను ఫోటోలు తీశాడు. తెలుగునాటి రాళ్లకు అలా ఆ మర్యాద దక్కిందన్నమాట!

మనుషుల వంతు వచ్చేసరికి కెమెరా వెంట కొలబద్ద కూడా వచ్చింది. ముక్కులూ తలలూ కొలిచిన మ్యూజియం అధికారి థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన 7 సంపుటాల్లో శ్రీహరికోట యానాదుల గురించి చాలా రాశాడు. అంతకుముందు 1906లో వచ్చిన ఆయన పుస్తకంలోని ఫోటోల్లో ఎక్కువ భాగం ఆయన సహాయకుడు కె. రంగాచారివి. అవి శాస్త్రం కోసం తీసినవి. జనం ముస్తాబై, డబ్బిచ్చి ఫోటో దిగడం స్టూడియోలు వచ్చాకే.

స్టూడియోలో అసలు తిప్పలన్నీ లోపలి చీకటి గదిలోనే. డెవలపర్‌కు 20 డిగ్రీలు హాయి. నెల్లూరు వేసవి 40 దాటుతుంది. ఆ వేడికి ఫిల్మ్ మీది జెలటిన్ ఉబ్బుతుంది, మరీ ఎక్కువైతే ఊడి వస్తుంది. అందుకే ట్రే చుట్టూ ఐసు పెట్టడం, రాత్రిళ్లు కడగడం, డెవలపర్లో సోడియం సల్ఫేటు కలపడం, క్రోమ్ ఆలంతో పొరను గట్టిపరచడం. 1960లో నెలకొల్పిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ మాత్రం చల్లగా ఊటీ కొండ మీద కూర్చుని, 1967 నుంచి ‘ఇందు’ ఫిల్ములూ కాగితాలూ తయారు చేసింది. ఎండకు ఓర్చుకోవాల్సింది వాటిని కడిగేవాళ్లే.

చివరిది, బొమ్మను నిలిపే రసాయనమైన హైపోను వదిలించే పని. దీనికి నీళ్లు పుష్కలంగా కావాలి. మంచినీళ్లలోకన్నా సముద్రపు నీళ్లలో హైపో త్వరగా వదులుతుందని ప్రయోగాల్లో తేలింది; ఆ తర్వాత మంచినీళ్లతో ఉప్పు పోయేలా కడిగితే చాలు. బావులు ఉప్పుదేలిన ఊళ్లకు పనికొచ్చే సంగతే.

తర్వాత కలర్ ల్యాబులు వచ్చాయి, ఆపైన డిజిటల్ వచ్చింది. ఊటీ ఫ్యాక్టరీ మూతపడింది. ఇళ్లలో ఫ్రేములు మిగిలాయి. ఉప్పుగాలి చెమ్మకు కొన్నిటికి బూజు పట్టింది. పసుపెక్కి వెలిసిపోయిన నలుపు తెలుపు ఫోటోలను చూసి కాలం మహిమ అంటాం గానీ, చాలామటుకు అది హైపో సరిగ్గా వదలకపోవడమే: ఆ రోజు ఎవరో నీళ్లు పొదుపు చేశారు.