చెవిలో పాట: ట్రంకు బోర్డు నుంచి ఇయర్‌బడ్స్ దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, పెన్షన్ సవరణ గురించీ కరువు భత్యం లెక్కల గురించీ రాయడానికి నాకంటే సమర్థులు చాలామంది ఉన్నారనీ, నేను చెవుల గురించి రాస్తాననీ చెప్పాను. ఆయన నవ్వి, "రాయండి, మనవాళ్ళలో సగం మందికి పనికొచ్చే విషయమే" అన్నారు.

గత దసరాకు మా మనవడు హైదరాబాదు నుంచి వస్తూ నాకొక చిన్న తెల్ల డబ్బా తెచ్చాడు. చూడటానికి కుంకుమ భరిణెలా ఉంది. మూత తీస్తే లోపల చిక్కుడు గింజల్లాంటివి రెండున్నాయి. "తాతయ్యా, ఇవి చెవుల్లో పెట్టుకుని ఫోనులో పాటలు వినండి. తీగ ఉండదు" అన్నాడు. టెలిఫోన్ శాఖలో ముప్పై ఏడేళ్ళు తీగల మధ్య బతికినవాణ్ణి. తీగ లేకుండా రెండు చెవులకూ పాట ఎలా చేరుతుందో తెలుసుకోనిదే పెట్టుకోబుద్ధి కాలేదు. ఆ కుతూహలంతో చదివిన సంగతులూ, తర్వాత మా ఇంట్లో జరిగిన ఒక సంఘటన నేర్పిన పాఠమూ కలిపి మిత్రుల ముందు పెడుతున్నాను.

బోర్డు దగ్గర మొదలైన కథ

1974లో నేను ట్రంకు ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరాను. తలకు హెడ్‌సెట్, ఎదురుగా బోర్డు, బోర్డు నిండా చిల్లులు. లైట్నింగ్ కాల్, అర్జంటు కాల్, ఆర్డినరీ కాల్ అని టికెట్లు రాసుకుంటూ, ప్లగ్గు తీసి జాక్‌లో గుచ్చుతూ ఊళ్ళను కలిపేవాళ్ళం. పావు అంగుళం మందం ఉన్న ఆ ప్లగ్గు 1878 ప్రాంతంలో టెలిఫోను బోర్డుల కోసమే పుట్టింది. దాని తమ్ముడే మొన్నమొన్నటి దాకా మన రేడియోలకూ సెల్‌ఫోన్లకూ ఉన్న 3.5 మిల్లీమీటర్ల ఇయర్‌ఫోను పిన్ను. అంటే లోకమంతా చెవిలో పెట్టుకుని పాటలు విన్నది మన బోర్డు పిన్ను వంశంతోనే. టెలిఫోను వాళ్ళం కాస్త గర్వపడితే తప్పులేదు.

చెవి దగ్గర సంగీతం వినడం అనే ఆలోచన కూడా టెలిఫోనుతోనే వచ్చింది. 1881లో పారిస్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో క్లెమాఁ అదేర్ అనే ఇంజనీరు అక్కడి ఒపేరా రంగస్థలం మీద మైకులు అమర్చి, తీగల ద్వారా ప్రదర్శనశాలకు పాటను పంపాడు. సందర్శకులు రెండు చెవులకూ చెరొక రిసీవరు ఆనించుకుని విన్నారు. గాయకుడు రంగస్థలం మీద ఇటునుంచి అటు నడిస్తే ఆ కదలిక కూడా తెలిసిందట! నేడు మనం స్టీరియో అంటున్నది అదే. 1890 నుంచి ఇదే అక్కడ థియేట్రోఫోన్ అనే వ్యాపారమై, హోటళ్ళలో నాణెం వేసి పాట వినే సదుపాయంగా 1932 దాకా నడిచింది. మన దేశంలో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో టెలిఫోను ఎక్స్ఛేంజిలు తెరిచినది 1882 జనవరిలో. పారిస్ ప్రదర్శన జరిగిన మరుసటి ఏడే అన్నమాట.

1891లో ఎర్నెస్ట్ మెర్కాదియే అనే మరో ఫ్రెంచి ఇంజనీరు చెవి రంధ్రంలో ఇమిడే జంట రిసీవర్లకు పేటెంటు తీసుకున్నాడు. బరువు సుమారు 50 గ్రాములు. చెవికి ఒరుసుకోకుండా చివర రబ్బరు తొడుగు పెట్టాడు. మా మనవడు తెచ్చిన గింజల చివర కూడా రబ్బరులాంటి తొడుగే ఉంది! నూట ముప్పై ఏళ్ళు గడిచినా మనిషి చెవి మారలేదు కదా.

వంటింటి నుంచి నౌకాదళానికి

1910లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియేల్ బాల్డ్విన్ అనే ఆయన వంటింటి బల్ల మీద చేసిన హెడ్‌ఫోన్లను నౌకాదళానికి పంపాడు. పరీక్షించి చూసి నావికాధికారులు ఆశ్చర్యపోయారు. అప్పటికి ఉన్న వాటికంటే ఎంతో స్పష్టంగా వినిపించాయట. ఇంకా కావాలంటే, వంటింట్లో ఒక్కసారికి పది మాత్రమే చేయగలనని ఆయన జవాబు.

1920లలో రేడియో వచ్చినప్పుడు తొలి క్రిస్టల్ సెట్లకు లౌడ్‌స్పీకరు లేదు. హెడ్‌ఫోనే గతి. ఇంట్లో అందరూ వినాలంటే దాన్ని ఖాళీ గిన్నెలో పెట్టేవారు. గిన్నె మోగి చుట్టూ కూర్చున్నవాళ్ళకు సన్నగా వినిపించేది. ఈ గిన్నె సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి.

తర్వాత పెద్ద రేడియోలు వచ్చాయి. 1938లో మద్రాసు కేంద్రం, 1948లో విజయవాడ కేంద్రం, 1957లో వివిధభారతి. మన తరం పెరిగింది వీటితోనే. వీధిలో ఒక ఇంట్లో రేడియో ఉంటే వీధంతా వినేది. పొద్దున్నే భక్తిరంజని ఒక ఇంటి అరుగు మీద మొదలై నాలుగో ఇంటి దాకా వెంట వచ్చేది. రేడియోకు పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టిన రోజులు మనలో చాలామందికి జ్ఞాపకమే. 1954లో అమెరికాలో ట్రాన్సిస్టరు రేడియో వచ్చాక, దానితోపాటు ఒంటి చెవికి పెట్టుకునే చిన్న ఇయర్‌ఫోను కూడా వచ్చింది. క్రికెట్ కామెంటరీ కోసం దాన్ని చొక్కా లోపలినుంచి లాగి ఆఫీసులో విన్న పుణ్యాత్ములు ఈ సంఘంలోనే ఉన్నారు. పేర్లు చెప్పను!

1958లో అమెరికాలోనే జాన్ కాస్ అనే ఆయన సంగీతం కోసమే స్టీరియో హెడ్‌ఫోన్లు తయారు చేసి అమ్మాడు. అంతవరకు హెడ్‌ఫోను అంటే ఎక్కువగా ఆపరేటర్లకూ సైనికులకూ పనిముట్టే.

రెండు రంధ్రాల వాక్‌మన్

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం 1979 నాటిది. విమాన ప్రయాణాల్లో పాటలు వినడానికి తేలికైన యంత్రం కావాలని సోనీ సంస్థాపకుడు మసారు ఇబుకా అడిగాడు. అలా తయారైన వాక్‌మన్ ఆ ఏడు జూలై 1న జపానులో అమ్మకానికి వచ్చింది. ధర 33,000 యెన్లు. ఆయన సహచరుడు అకియో మొరీటా నమూనాను ఇంటికి తీసుకెళ్ళి పెట్టుకుని వింటుంటే ఆయన భార్యకు కోపం వచ్చింది. తనను పక్కన పెట్టేసినట్లు అనిపించిందామెకు. ఈ మాట ఆయనే తన పుస్తకంలో రాసుకున్నాడు. దాంతో మొదటి వాక్‌మన్‌కు రెండు హెడ్‌ఫోను రంధ్రాలు పెట్టించాడు, ఇద్దరు కలిసి వినడానికి. పైగా ఒక నారింజరంగు బొత్తాం పెట్టారు. అది నొక్కితే పాట తగ్గి, చిన్న మైకు ద్వారా ఎదుటివారి మాట చెవిలో వినిపించేది.

కానీ జనం ఎవరిది వారే కొనుక్కున్నారు. తరువాతి మోడళ్ళలో బొత్తాం పోయింది, క్రమంగా రెండో రంధ్రమూ పోయింది.

వాక్‌మన్ వచ్చిన రోజుల్లోనే బయటి శబ్దాన్ని ఆపే ప్రయత్నమూ మొదలైంది. బెంగాల్ స్వాతంత్ర్యయోధుడి కుమారుడైన అమర్ బోస్ 1978లో జ్యూరిచ్ నుంచి విమానంలో వెళ్తూ, ఇచ్చిన హెడ్‌ఫోన్లలో ఇంజను హోరు తప్ప పాట వినపడక, అక్కడే కూర్చుని లెక్కలు వేశాడు. బయటి శబ్దాన్ని మైకుతో పట్టి, దానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని చెవిలోకి పంపితే రెండూ కొట్టుకుపోతాయి. 1989లో ఇది పైలట్ల హెడ్‌సెట్‌గా వచ్చింది. ఇప్పుడు చిక్కుడు గింజంత వస్తువులోనూ ఉంది.

తీగ తెగిన కాలం

ఇక తీగ ఎలా పోయింది? 1994లో స్వీడన్‌లోని ఎరిక్సన్ కంపెనీలో దగ్గరి దూరాలకు పనికొచ్చే చిన్న రేడియో మీద పని మొదలైంది. పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు ఒకాయన పేరు మీద దానికి బ్లూటూత్ అని పేరొచ్చింది. 1991లో మార్కెట్లోకి వచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ క్రమంగా గింజంత అయింది. మిగిలిన చిక్కల్లా ఒక్కటే. బ్లూటూత్ తరంగాలను మనిషి తలలోని నీరు పీల్చేస్తుంది. ఒక చెవికి వచ్చిన పాట రెండో చెవికి దాటడం కష్టం. దీన్ని కొందరు అయస్కాంత ప్రేరణతో, మరికొందరు రెండిటికీ విడివిడిగా సంకేతం అందేలా చేసి పరిష్కరించారు. 2015లో జపానుకు చెందిన ఆంక్యో, ఆ వెంటనే జర్మనీలోని బ్రాగి సంస్థలు పూర్తిగా తీగలేని జంటలు తెచ్చాయి. 2016 డిసెంబరులో ఆపిల్ ఎయిర్‌పాడ్స్ వచ్చాక ఇవి లోకమంతా పాకాయి. ఒక్కొక్కటి 4 గ్రాములు. మెర్కాదియే 50 గ్రాములు ఇలా 4 గ్రాములకు దిగాయి. ఆ ఏడే ఆపిల్ తన ఫోను నుంచి మన బోర్డు పిన్ను రంధ్రాన్ని తీసేసింది. నాకు కొంచెం బాధ కలిగిన మాట నిజం.

మా ఇంట్లో జరిగింది

ఇప్పుడు అసలు సంగతి. సంక్రాంతి వెళ్ళాక ఒక మధ్యాహ్నం, పక్కన ఇల్లు కడుతున్న రొద భరించలేక శబ్దం ఆపే బొత్తాం నొక్కి, రెండు చెవులూ మూసుకుని పాత సినిమా పాటలు వింటున్నాను. రొద మాయమైంది. ఘంటసాల గారు నా ఒక్కడి కోసమే పాడుతున్నట్లుంది. కళ్ళు మూసుకున్నాను.

ఎవరో భుజం కుదిపితే తెరిచాను. పక్కింటి అమ్మాయి. మా ఆవిడ పెరట్లో బట్టలుతికే బండ దగ్గర జారిపడి, లేవలేక, నన్ను పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకుంది. గోడ అవతల నుంచి ఆ అమ్మాయికి వినిపించింది. పది అడుగుల దూరంలో ఉన్న నాకు వినపడలేదు. దేవుడి దయవల్ల చీలమండ బెణికింది, అంతే. ఎముక విరగలేదు. కట్టు కట్టించుకుని వచ్చాక ఆమె ఒకే మాట అంది: "ఏవండీ, ముప్పై ఏడేళ్ళు ఊళ్ళోవాళ్ళ పిలుపులన్నీ అందుకున్నారు. నా పిలుపే అందలేదు."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ రోజే మొరీటాగారి నారింజ బొత్తాం ఎందుకు పెట్టారో అర్థమైంది.

కొనేవారికి నాలుగు మాటలు

మిత్రులు గాని, వారి పిల్లలు పెద్దవాళ్ళ కోసం గాని కొనేటప్పుడు ఈ విషయాలు చూడవలసిందిగా కోరుతున్నాను. బజారులో ఇవి వెయ్యి రూపాయల నుంచి పాతికవేల దాకా ఉన్నాయి. ధరకంటే ముందు చూడవలసినవి వేరు.

మొదటిది, చెవికి సరిపోవడం. డబ్బాలో మూడు సైజుల తొడుగులు ఇస్తారు. నావి మొదట నడకలో రెండుసార్లు రాలిపడ్డాయి. చిన్న సైజు తొడిగాక నిలిచాయి. తొడుగు వదులైతే పాటలో మృదంగం పలచబడుతుంది. అప్పుడు మనం యంత్రం బాగాలేదనుకుని శబ్దం పెంచుతాం. తొడుగు లోపలికి పోతే ఊపిరాడనట్లు ఉండేవారికి, లోపలికి దిగకుండా చెవి బయట నిలిచే రకాలూ ఉన్నాయి.

రెండవది, బయటి మాట వినిపించే సదుపాయం. దీన్ని ట్రాన్స్‌పరెన్సీ అనీ ఆంబియెంట్ అనీ పిలుస్తున్నారు. నారింజ బొత్తాం మనవడే ఇది. శబ్దం ఆపే సదుపాయం బస్సులోనూ రైల్లోనూ హాయి. ఇంట్లో, రోడ్డు మీద మాత్రం వద్దు. ఒక చెవికే పెట్టుకున్నా పాట వచ్చే రకమైతే మరీ మంచిది.

మూడవది, వాడటంలో సుళువు. కొన్నిటికి వేలు తాకిస్తే చాలు, పాట ఆగుతుంది. వణికే వేళ్ళకు అది చిరాకు. నొక్కే బొత్తాం ఉన్నవి మేలు. వీటి బ్యాటరీ సాధారణంగా మార్చడానికి వీలుండదు. రెండు మూడేళ్ళకు బలహీనపడుతుంది. కాబట్టి రోజూ రెండు గంటలు పాట వినేవారికి మరీ ఖరీదైనవి అనవసరం. చెమట, చినుకులు తట్టుకోవడానికి ఐపీఎక్స్4 అని రాసి ఉంటే చాలు.

నాలుగవది, అన్నిటికంటే ముఖ్యమైనది, శబ్దం హద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు వినవచ్చు. 90కి పెంచితే 4 గంటలే. పది పెరిగితే పదోవంతు అన్నమాట. శబ్దం పెంచితేగాని పాటలో మాటలు తెలియడం లేదంటే, లోపం యంత్రంలో కాక చెవిలో ఉండవచ్చు. వయసుతో ముందుగా తగ్గేది సన్నని శబ్దాల వినికిడి. అప్పుడు వెళ్ళవలసింది చెవి డాక్టరు దగ్గరికి. ఒక చెవి హఠాత్తుగా వినపడకపోతే ఆ రోజే వెళ్ళాలి. 2024లో అమెరికా ప్రభుత్వం ఒక రకం ఇయర్‌బడ్స్‌ను తేలికపాటి నుంచి ఓ మోస్తరు చెవుడుకు వినికిడి సాధనంగా వాడుకోవడానికి అనుమతించింది. మంచి పరిణామమే. అయినా ప్రతి ఇయర్‌బడ్డూ వినికిడి యంత్రం కాదని గ్రహించగలరు.

ఇంకొక శుభవార్త. ఒకే ఫోను నుంచి ఎంతమందికైనా పాట పంపే ఆరాకాస్ట్ అనే పద్ధతిని బ్లూటూత్ వాళ్ళు 2022లో ప్రకటించారు. మొరీటాగారి రెండో రంధ్రం తిరిగి వస్తోందన్నమాట.

మా ఇంట్లో మాత్రం దానికోసం ఆగలేదు. సాయంత్రం కాఫీ వేళ కుడిది నా చెవిలో, ఎడమది ఆవిడ చెవిలో పెట్టుకుంటున్నాం. స్టీరియో పోతుంది నిజమే. అదేర్‌గారు చూస్తే బాధపడతారేమో! అప్పుడప్పుడు రెండూ తీసి ఫోనును ఇత్తడి గిన్నెలో నిలబెడుతున్నాం. వంటింటి దాకా వినిపిస్తోంది.

— ఒక విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి